బొత్తాం మీద పడ్డ నింద

బస్సు డిపోలో పాత టైరు లోపల ముడుచుకు పడుకున్న కుక్కపిల్లని డ్రైవరు తన చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ముందు గదిలో మిషను కుడుతున్న భార్య తలెత్తి అతని పొట్ట వంక చూసింది.

"పొద్దున వెళ్లేటప్పుడు ఇంత లేదే" అంది.

చొక్కా సందులోంచి తడి ముక్కు ఒకటి బయటికొచ్చింది. వెనకాలే రెండు చెవులు. ఒళ్లంతా తెలుపు, ఛాతీ మధ్యలో మాత్రం గుండ్రంగా ఒక నల్ల మచ్చ. ఎవరో పనిగట్టుకుని బొత్తాం కుట్టినట్టుంది. దాంతో పేరు కోసం వెతుక్కునే పని లేకపోయింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. డ్రైవరు, వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే అతని భార్య, అతని తండ్రి. పెద్దాయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయినా నడుం మాత్రం నిటారుగానే ఉండిపోయింది. నడిగదిలో కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుకునేటప్పుడు కూడా ఎవరో ఫొటో తీస్తున్నట్టే కూర్చునేవాడు. బొత్తాంని చూడగానే ఆయన మీసం కింద నవ్వు కదిలింది.

"అటెన్షన్!" అన్నాడు.

బొత్తాం వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుంది. శభాష్ అనబోయేలోపే అక్కడ చిన్న మడుగు కట్టింది.

"మొదటి రోజు కదా, బెదురు" అన్నాడు డ్రైవరు, గుడ్డ కోసం పరిగెత్తుతూ.

ఆ బెదురు మర్నాడూ తగ్గలేదు, ఆ పై వారమూ తగ్గలేదు. తలుపు వెనక, మంచం కింద, బియ్యం డబ్బా పక్కన, ఒకసారి డ్రైవరు బూటులో. బయటికి తీసుకెళ్తే అంతసేపూ గడ్డి వాసన చూసి, చీమల్ని పలకరించి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేది. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టాక అప్పుడు హాయిగా పని కానిచ్చేది. వీధిని నమ్మలేదు, ఇంటిని నమ్మింది.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం నర్సమ్మ యూనిఫారం మీద జరిగింది. పెద్దాసుపత్రిలో పనిచేసే ఆవిడ తన తెల్ల కోట్లన్నీ టైలరమ్మ దగ్గరే కుట్టించుకుంటుంది. కత్తిరించిన ముక్కలు నేల మీద వరసగా పరిచి, చాక్ పీసు కోసం టైలరమ్మ ఇలా తిరిగిందో లేదో, వీపు ముక్క మధ్యలో పసుప్పచ్చ మరక. అదే సమయానికి నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఈ ముక్క నేను మార్చి వేస్తానమ్మా, నా దగ్గర గుడ్డ ఉంది" అంది గబగబా.

నర్సమ్మ నవ్వేసింది. "నా డ్యూటీలో నేను చూసేవాటి ముందు ఇదెంత? కానీ మీరు త్వరగా దారిలో పెట్టుకోండి. పెద్దదైతే వినదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

ఆ రోజు డ్యూటీ దిగొచ్చిన డ్రైవరు సంగతి విని చేతులెత్తేశాడు. "తేవడం నాదే తప్పు. మన వల్ల కాదు. కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా?"

"తోక ఎలా ఉంటే నాకెందుకండీ? నాకు కావాల్సింది తోక కింద వ్యవహారం" అంది టైలరమ్మ. "కుట్టు తప్పితే గుడ్డ అవతల పారేస్తామా? విప్పి మళ్లీ కుడతాం. ఇదీ అంతే."

అది ఊరికే అన్న మాట కాదు. మర్నాటి నుంచి కుక్కపిల్లని కనిపెట్టి ఉండటం మిషను పనితో సమానంగా పెట్టుకుంది. నిద్ర లేవగానే దానికి వస్తోంది. పాలు తాగిన కాసేపటికి వస్తోంది. దారపు రీలుతో ఆడి ఆడి ఉన్నట్టుండి ఆగి, నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఇక వచ్చేసినట్టే. ఇంతకాలం ఆ గుండ్రాన్ని ఆటనుకుంది. ఇప్పుడు అది కనిపిస్తే చాలు, కుట్టు ఎక్కడుంటే అక్కడ సూది దించేసి, దాన్ని చంకనేసుకుని వంటింట్లోంచి పెరట్లోకి పరుగు. అక్కడ బాత్రూం పక్కగా, ప్రహరీ వారన జానెడు మట్టి ఉంది. రోజూ అదే చోట దింపి, పక్కన నిలబడి, "కానివ్వు తల్లీ, కానివ్వు" అనేది. అయితే మెడ కింద గోకి చిన్న బిస్కెట్ ముక్క పెట్టేది. కాకపోతే మాట్లాడకుండా లోపలికి తెచ్చి, కాసేపాగి మళ్లీ తీసుకెళ్లేది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి, టైలరమ్మ మట్టితో మాట్లాడుతోందేమిటని అనుకుని ఉంటారు.

లోపల తడైన ప్రతిచోటా వెనిగర్ నీళ్లతో రుద్ది కడిగేది. వాసన మిగిలితే అదే తన చోటనుకుంటుందని దానికి టీకా వేసిన డాక్టరు చెప్పాడు. పాత నాడా ముక్కలు కలిపి కుట్టి తాడు చేసింది. పని మీద ఉన్నంతసేపూ బొత్తాం ఆ తాడుతో మిషను కాలికి కట్టే ఉండేది. కళ్ల ముందుంటే పొరపాటుకి చోటు తక్కువ.

ఒకరోజు డ్రైవరు దాని మెడ పట్టుకుని, తడిలో మూతి రుద్దబోయాడు. టైలరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వదలండి. దానికేం అర్థమవుతుంది? మీరు చెడ్డవాళ్లని తప్ప ఇంకేమీ నేర్చుకోదు."

"మరి బుద్ధెలా వస్తుంది?"

"మెల్లిగా వస్తుంది. తెలిసి చేసేది తప్పు గానీ, ఆపుకోలేక అయ్యేది తప్పెలా అవుతుంది?"

కుర్చీలో డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుని పేపరు తిప్పాడు.

నెల తిరిగేసరికి ముందు గది ఆరింది. వంటిల్లు ఆరింది. పొద్దున్నే బొత్తాం తనంతట తానే పెరటి తలుపు దగ్గరికెళ్లి నిలబడటం మొదలుపెట్టింది. తలుపు తీయడం ఆలస్యమైతే వెనక్కి తిరిగి, ఏమ్మా వినబడదా అన్నట్టు చూసేది. టైలరమ్మ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

కానీ నడిగదిలో మాత్రం తడి ఆగలేదు. కిటికీ పక్కన, కుర్చీకి దగ్గరలో. ఒక్కోసారి కుర్చీ నుంచి వంటింటి వైపు వెళ్లే దారిలో, చుక్కలు చుక్కలుగా. ఆమె తుడిచేది, కడిగేది, మళ్లీ కనిపించేది. అక్కడేదో వాసన పట్టుకుందనుకుని ఒకసారి కుర్చీ జరిపి మరీ రుద్దింది. లాభం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం డ్రైవరు డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పి, మేజోళ్లతో నడిగదిలో అడుగు పెట్టాడు. పెట్టిన కాలు పెట్టినట్టే పైకెత్తాడు.

"మళ్లీనా! నెల రోజులుగా నువ్వు నేర్పింది ఇదేనా?" అని అరిచాడు.

టైలరమ్మ మిషను ఆపింది. బొత్తాం ఆమె కాళ్ల దగ్గరే ఉంది. పొద్దుటి పాలు తాగి, బయటికెళ్లి వచ్చాక కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ముడి ఆమె వేసింది. ఆమె వేసిన ముడి మనుషులకే ఊడదు.

"ఇది ఇక్కడే..." అని నోరు తెరిచింది.

"ఇందాక తాడు విప్పుకుని వచ్చింది" అన్నాడు డ్రిల్లు మాస్టారు పేపరు వెనక నుంచి. "నేనే మళ్లీ కట్టేశాను."

పేపరు కాస్త ఎత్తుగా ఉంది. ఆయన మొహం కనబడలేదు. పేపరు కింద నుంచి కనిపించిందల్లా ఒకదాని మీద ఒకటి వేసుకున్న కాళ్లు. ఆయన ఎప్పుడూ అలా కూర్చోడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఎందుకు చెప్పాడు? ఆమె ఆ కాళ్లనీ, పైజామా అంచునీ ఒక్క క్షణం చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. చూసినట్టు ఆయనకి తెలిస్తే ఆయన తట్టుకోలేడనిపించింది.

తుడుపుగుడ్డ తెచ్చి వంగింది. ఇన్నాళ్ల చిన్న చిన్న సంగతులన్నీ ఒక్కసారిగా వరసకొచ్చాయి. ఈ మధ్య మావయ్య తన బట్టలు తానే ఉతుక్కుంటున్నాడు. సాయంత్రం షికారు మానేశాడు. టీ వద్దంటున్నాడు. బొత్తాం తిట్లు తిన్నప్పుడల్లా దానికి చాటుగా తన బిస్కెట్లు పెడుతున్నాడు.

"ఇక చాలు" అన్నాడు డ్రైవరు మేజోళ్లు విప్పి విసిరేస్తూ. "మా డిపో కాంటీను ఆయన కుక్కపిల్ల కావాలంటున్నాడు. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మంటాను."

"ఇవ్వడానికి వీల్లేదు."

"ఎందుకు వీల్లేదు? కారణం చెప్పు."

కారణం ఆమె నాలుక చివరే ఉంది. చెప్పలేకపోయింది. "నేర్పడం మొదలుపెట్టాను. మధ్యలో వదలను" అంది. డ్రైవరుకి అది కారణంగా కనబడలేదు.

చెప్పకుండానే సర్దుదామని చూసింది ఆమె. మావయ్య పైజామాలన్నిటికీ బొందులే. వణికే వేళ్లతో ఆ ముడి విప్పుకునేలోపే సగం కథ అయిపోతుందని ఆమెకి అర్థమైంది. రెండు పైజామాలకి బొందు తీసేసి, మెత్తటి ఎలాస్టిక్ వేసి కుట్టి, మడతపెట్టి ఆయన అలమరలో ఉంచింది.

మర్నాడు పొద్దున ఆయన ఆ రెండూ చేత్తో పట్టుకుని మిషను దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మాయ్ ఇవి? చంటిపిల్లల లాగుల్లాగా? నా బొందులేవి?"

"వేసుకోవడానికి తేలిగ్గా ఉంటుందని, మావయ్యా."

"నాకేం కష్టంగా ఉందని ఎవరన్నారు?" గొంతు హైస్కూలు గ్రౌండులో వినబడేంత పెద్దదైంది. పైజామాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

డొంకతిరుగుడుగా అయ్యే పని కాదని తేలిపోయింది. ఆదివారం దగ్గరికొస్తోంది. శనివారం డ్రైవరు డ్యూటీకి వెళ్లాక ఆమె మిషను మీద గుడ్డ కప్పేసి, బొత్తాంని ఒళ్లో పెట్టుకుని, ఆయన కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మావయ్యా, ఆ రోజు బొత్తాం తాడు విప్పుకోలేదు."

ఆయన పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు.

"ముడి నాది. నాకు తెలుసు. నేను మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. కానీ రేపు దీన్ని తీసుకుపోతారు. ఎల్లుండి మళ్లీ తడైతే అప్పుడెవర్ని పంపిస్తాం?"

ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. "నువ్వెళ్లి పని చూసుకో" అన్నాడు. తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఆమె కంచం తలుపు దగ్గర పెట్టి, "అన్నం పెట్టానండీ" అని మాత్రం చెప్పింది. కాస్త ఎక్కువే మాట్లాడానా అని లోపల పీకుతూనే ఉంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆ మధ్యాహ్నమే నర్సమ్మ ఇంకో కోటు కోసం వచ్చింది. టైలరమ్మ పేరెత్తకుండా, వయసు మీద పడ్డ మగవాళ్లకి ఇలా ఎందుకవుతుందని అడిగింది. ఎవరికని నర్సమ్మ అడగలేదు. మగవాళ్లకి మూత్రసంచి కింద ఒక గ్రంథి ఉంటుందనీ, పెద్దవయసులో అది ఉబ్బితే ఇలా అవుతుందనీ, వేరే కారణాలు కూడా ఉండొచ్చనీ చెప్పింది. "చాలామందికి మందులతోనే తగ్గుతుంది. చూపించుకోవడానికి సిగ్గుపడి ముదరబెట్టుకునేవాళ్లే ఎక్కువ" అంది. వెళ్తూ వెళ్తూ, "సోమవారం పొద్దున దీనికి చూసే డాక్టరు ఓపీలో ఉంటాడు. నేనూ ఉంటాను" అని చెప్పి వెళ్లింది.

ఆదివారం పొద్దున కాంటీను ఆయన స్కూటరు మీద వచ్చాడు. వెనక ఒక ప్లాస్టిక్ బుట్ట, బుట్టలో మెత్తటి తువ్వాలు. మంచివాడిలాగే ఉన్నాడు. అదే టైలరమ్మకి ఇంకా కష్టంగా ఉంది. తిట్టడానికి కూడా కారణం లేదు. డ్రైవరు బొత్తాంని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. అది అతని చెవి నాకుతోంది. అతని మొహమూ ఏమంత బాగాలేదు.

"ఆగండి" అంది టైలరమ్మ అడ్డంగా నిలబడి. "ఇంకో నెల చూద్దాం. పూచీ నాది."

"ఎన్ని నెలలు? పొద్దున లేస్తే గుడ్డ పట్టుకుని వంగుతూనే ఉన్నావు. నడుం పోయేది నీదే."

"నా నడుం సంగతి నేను చూసుకుంటాను."

"ఒరేయ్!" అని వెనక నుంచి వినబడింది. ఒకప్పుడు గ్రౌండులో వందమందిని ఒక్కసారిగా ఆపిన గొంతు. స్కూటరు మీద కాంటీను ఆయన కూడా సర్దుకుని కూర్చున్నాడు.

డ్రిల్లు మాస్టారు నడిగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పక్కలకి ఆనించి, గడ్డం పైకెత్తి.

"దాన్ని కింద దింపు. నడిగదిలో తడి దానిది కాదు. నాది."

డ్రైవరు నవ్వబోయాడు. "ఊరుకో నాన్నా. దాని మీద ప్రేమతో మరీ నీ మీద వేసుకుంటావా?"

"నేను అబద్ధం చెప్తున్నానా?"

"అది కాదు, దాన్ని పంపించకూడదని..."

"అబద్ధం ఇదివరకు చెప్పాను. తాడు విప్పుకుందని చెప్పాను చూడు, అదీ అబద్ధం. ఇది కాదు." ఆయన గడ్డం ఒక్కసారి కిందికి దిగింది. మళ్లీ సర్దుకున్నాడు. "ఆగడం లేదురా. లేచి వెళ్లేలోపే అయిపోతోంది. చెప్పుకోలేక ఈ నోరులేని దాని మీదకి నెట్టాను. ఇంత కుక్కపిల్ల నెల రోజుల్లో నేర్చుకుంది. నాకే చేతకావడం లేదు."

డ్రైవరు భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది నేను కాదు కాబట్టి."

డ్రైవరు చేతుల్లోంచి బొత్తాం తనంతట తానే జారి దిగి, పెద్దాయన పాదాల దగ్గరికెళ్లి కూర్చుంది. డ్రైవరు తండ్రి దగ్గరికి నడిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. వాళ్లిద్దరి మధ్యా అలాంటి అలవాటు లేదు. ఆ చెయ్యి కాసేపు అక్కడ మొహమాటంగానే ఉండిపోయింది.

"ఇన్ని తిట్లు తిట్టాను కదా నాన్నా, నీ ముందే."

"దాన్ని తిట్టావు. విన్నది నేను."

బయట కాంటీను ఆయన మెల్లిగా స్కూటరు తిప్పుకున్నాడు. "మా పెద్దాయనకీ ఇదే బాధ ఉండేదండీ. మందులు వాడాక మళ్లీ పేకాటకి వెళ్తున్నాడు" అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "నాకు కుక్కపిల్లలకేం కొదవ, డిపో నిండా టైర్లే." బుట్టతోనే వెళ్లిపోయాడు.

సోమవారం డ్రైవరు సెలవు పెట్టి తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఓపీ వరసలో నిలబడటానికి పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. తన వయసువాళ్లు బెంచీ నిండా కూర్చుని ఉండటం చూశాక, వాళ్లలో ఇద్దరు తన పాత విద్యార్థుల తండ్రులేనని తెలిశాక కాస్త నెమ్మదించాడు. గ్రంథి వాపేనని తేలింది. డాక్టరు మందులు రాసి, తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందనీ, వేళకి వేళ వెళ్లడం అలవాటు చేసుకోవాలనీ చెప్పాడు.

"వేళకి వేళ అంటే?" అని ఇంటికొచ్చాక పెద్దాయన కోడల్ని అడిగాడు, బల్ల మీదున్న ఎలాస్టిక్ పైజామాలు తీసుకుంటూ.

"నిద్ర లేవగానే, తిన్నాక, టీ తాగాక" అంది టైలరమ్మ. అని, తనే నోరు మూసుకుంది.

ఆయన ఒక క్షణం ఆమె వంక చూసి, కుర్చీ అదిరేలా నవ్వాడు. "అయితే నేనూ నీ స్కూల్లోనే అన్నమాట. పదవే బొత్తాం, మన పీరియడు."

అప్పట్నుంచి ఇద్దరూ కలిసే పెరట్లోకి వెళ్లేవాళ్లు. ఆయన బాత్రూం వైపు, అది మట్టి వైపు. పెద్దాయనకి వెంటనే అంతా బాగైపోలేదు. బొత్తాం కూడా చుట్టాలొస్తే సంబరం పట్టలేక గుమ్మంలోనే ఒలకబోసేది. గుడ్డ, వెనిగర్ సీసా టైలరమ్మ చేతికి అందే చోటే ఉండేవి. కానీ ఇప్పుడు నేల తడిస్తే ఎవరిదని అడిగేవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఎవరు దగ్గరుంటే వాళ్లు తుడిచేసేవాళ్లు. డ్రైవరు కూడా.

తర్వాత వానలు మొదలయ్యాయి. చినుకు ముక్కు మీద పడగానే బొత్తాం వెనక్కి తిరిగి, పెరటి తలుపుకి వీపానించి కూర్చుంది. చచ్చినా దిగనంది. లోపలికి పోతే నేర్చుకున్నదంతా వానలో కొట్టుకుపోతుంది. టైలరమ్మ గొడుగు విప్పి, దాన్ని ఎత్తుకెళ్లి మట్టిలో దింపి, గొడుగు దాని మీద పట్టింది. తాను తడుస్తోంది.

"నువ్వు కానిచ్చేదాకా నేను కదలను. నీ ఇష్టం."

బొత్తాం గొడుగు కిందనుంచి ఆమెను చూసింది. ఆమె బొత్తాంని చూసింది. జాకెట్ తడిసి వీపుకి అంటుకుపోయింది. వంటింటి గుమ్మంలో మావయ్య, ఆయన పక్కన డ్రైవరు, ఇద్దరూ మ్యాచ్ చూస్తున్నట్టు నిలబడ్డారు.

"అమ్మాయ్, జలుబు చేస్తుంది, వచ్చెయ్!" అన్నాడు మావయ్య.

"దీని పని కాలేదండీ!"

మట్టి వాసన చూసింది బొత్తాం. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. కాళ్లు దూరం పెట్టింది.

"కానివ్వు తల్లీ, కానివ్వు" అంది టైలరమ్మ, మొహం మీద వాన నీళ్లు తుడుచుకుంటూ.